ఎక్కడ ఆగితే అక్కడివాళ్లు



మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఒకప్పుడు మన ఊళ్లలో చాలా ఇళ్లకు చేరాయి. రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల పుస్తకాలు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, చవక ధర. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో దొరికేవి. వాటిలో రష్యన్ జానపద కథలు చదివిన పిల్లలకు ఒక సందేహం వచ్చే ఉంటుంది. కథలో ముసలాయన పొయ్యి మీద పడుకుంటాడు. బద్ధకిష్టి కుర్రాడు పొయ్యి దిగనంటాడు. పొయ్యి మీద మనిషి పడుకోవడమేమిటి, కాలదా?

కాలదు. ఆ పొయ్యి గదిలో ఒక మూలంతా పట్టే కట్టడం. లోపల మంట, పైన వెచ్చటి అరుగు. మంచు కురిసే రోజుల్లో ఇంటికి ప్రాణం అదే. మనిషి పడుకునేంత పెద్ద పొయ్యిలు తర్వాతి కాలంలో వచ్చాయి. కానీ ఇంటి మూలన పొయ్యి కట్టుకునే అలవాటు మాత్రం చాలా పాతది. సుమారు 1500 ఏళ్ల పాతది.

ఆ సంగతి ఎలా తెలిసింది? తవ్వకాల్లో తెలిసింది. ఉక్రెయిన్‌లో తవ్వినా, దక్షిణ పోలండ్‌లో తవ్వినా, స్లొవాకియాలో, చెక్ దేశంలో తవ్వినా 6వ శతాబ్దం పొరల్లో ఒకే రకం ఇల్లు బయటపడుతోంది. ఆ ఇంటిని కాస్త దగ్గరగా చూడండి. నేలను మోకాలి లోతునో, నడుము లోతునో తవ్వుతారు. నలుచదరపు గుంట. ఒక్కో వైపు 3 నుంచి 4 మీటర్లు. అంటే పది, పన్నెండు అడుగులు. అంతే ఇల్లు. ఒక మూలన రాళ్లు పేర్చి కట్టిన పొయ్యి. రాయి దొరకని చోట మట్టి పొయ్యి. దాని పక్కన పెంకులుగా పగిలిన కుండ. సారె మీద చేసింది కాదు, చేత్తో చేసింది. దాని మీద గీత లేదు, పువ్వు లేదు, రంగు లేదు. వెండీ బంగారాలు దాదాపు కనపడవు. చనిపోయినవాళ్లను కాల్చి, మిగిలిన ఎముకల్ని కుండలో పెట్టి పూడ్చేవాళ్లు.

గోతులనే జర్మానిక్ జాతివాళ్ల నగలో, రోమన్ల గాజు పాత్రలో ఉన్న అద్దాల బీరువా ముందు మ్యూజియంలో జనం గుమిగూడతారు. ఈ మొద్దు కుండ దగ్గర ఎవరూ నిలబడరు. కానీ యూరప్ పటాన్ని తిరగరాసింది ఈ కుండవాళ్లే. వాళ్లే తొలి స్లావులు.

ఇవాళ స్లావ్ భాషలు మాట్లాడేవాళ్లు దాదాపు 30 కోట్ల మంది. తూర్పున రష్యన్లు, ఉక్రేనియన్లు, బెలారూసియన్లు. పడమట పోలండ్, చెక్, స్లొవాక్ జనం. దక్షిణాన స్లొవీన్లు, క్రొయేషియన్లు, సెర్బులు, బోస్నియా, మాసిడోనియా, బల్గేరియా వాళ్లు. ఆర్కిటిక్ మంచు నుంచి గ్రీసు పొలిమేర దాకా పరుచుకున్నారు. భాషలు చూస్తే అక్కచెల్లెళ్లు. ఆచారాలు, మతాలు, లిపులు చూస్తే ఎవరి దారి వాళ్లది.

ఎందుకిలా? ఈ ప్రసంగంలో చెప్పేది ఆ ఒక్క విషయమే. బయల్దేరినప్పుడు వీళ్ల మధ్య తేడాలు కొద్దిగానే ఉన్నాయి. ఎక్కడ ఆగారో, ఎవరి పక్కన ఆగారో, ఆ చోటే వీళ్లను వేరు చేసింది.

ముందు బయల్దేరిన చోటు చూద్దాం. చాలామంది పరిశోధకులు చూపించే ప్రాంతం కార్పాథియన్ కొండలకు ఆవల, తూర్పున, ఉత్తరాన ఉంది. ఇప్పటి ఉక్రెయిన్, బెలారూస్ సరిహద్దులో ప్రిప్యత్ నది చుట్టూ ఉన్న చిత్తడి నేలలు, నీపర్ నది మధ్య లోయ, ఆ చుట్టుపక్కల అడవులు. వీళ్లు తమ గురించి తాము ఏమీ రాసుకోలేదు. రాయడం రాదు. కాబట్టి వీళ్ల కథ మొదట పరాయివాళ్ల నోటి నుంచే వినాలి. ఆ పరాయివాళ్లు కూడా మామూలు పరాయివాళ్లు కారు. వీళ్ల చేతిలో దోపిడీకి గురైనవాళ్లు.

క్రీ.శ. 551 ప్రాంతంలో జోర్డానెస్ అనే ఆయన గోతుల చరిత్ర రాస్తూ స్లావుల ప్రస్తావన తెచ్చాడు. వీళ్లకు పట్టణాలు లేవు, బురదనేలలూ అడవులే వీళ్ల పట్టణాలు అన్న అర్థంలో రాశాడు. అదే కాలంలో ప్రొకోపియస్ ఇంకొంచెం వివరంగా రాశాడు. ఈయన బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం సేనాని బెలిసారియస్ దగ్గర కార్యదర్శిగా పనిచేసినవాడు. వీళ్లకు రాజు లేడు, మంచైనా చెడైనా అందరూ కలిసి తేల్చుకుంటారు అన్నాడు. మెరుపుల్ని పుట్టించే దేవుడే లోకానికి యజమాని అని నమ్ముతారట. ఆ దేవుడికి ఎడ్లను బలిస్తారట. గుడిసెలు ఒకదానికొకటి దూరదూరంగా వేసుకుంటారట. ఉన్నచోట ఉండరట, మాటిమాటికీ మకాం మారుస్తారట.

ఈ చివరి మాట ప్రొకోపియస్ చులకనగా అన్నాడు. కానీ అసలు కీలకం అక్కడే ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. రాజు లేకపోతే రాజుకు కట్టాల్సిన కప్పమూ లేదు. కోట లేకపోతే కోటను కాపాడే పనీ లేదు. ఇల్లు నాలుగు రోజుల్లో తవ్వుకునే గుంట. కుండ అక్కడి మట్టితో అక్కడే చేసుకునేది. పంట ప్రధానంగా చిరుధాన్యం, అందులోనూ వరిగలాంటిది. త్వరగా చేతికొచ్చే పంట. అడవి కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తుతారు. కొన్నేళ్లకు నేల సారం తగ్గితే ఇంకో చోటికి జరుగుతారు. ఇలాంటి కుటుంబం వెయ్యి మైళ్లు వెళ్లడానికి పెద్ద దండయాత్ర అక్కర్లేదు. తరానికో అడవి చొప్పున జరిగినా చాలు.

పైగా కాలం కూడా కలిసొచ్చింది. 453లో హూణుల రాజు అట్టిలా చనిపోయాడు. హూణుల రాజ్యం కూలింది. గోతులు, వాండల్స్, లాంబార్డులు వంటి జర్మానిక్ జాతులు ఒక్కొక్కటిగా రోమన్ సామ్రాజ్యం లోపలికి వెళ్లిపోయాయి. వాళ్లు వదిలిన పొలాలు బీడు పడ్డాయి. 536 నుంచి కొన్నేళ్ల పాటు యూరప్‌లో ఎండ సరిగా కాయలేదు. పెద్ద అగ్నిపర్వతాలు పేలి ఆకాశం మసకబారింది, చలి పెరిగింది. 541లో ప్లేగు వచ్చి బైజాంటియం సామ్రాజ్యాన్ని కుదిపేసింది. ఊళ్లున్నవాళ్లకే దెబ్బ ఎక్కువ తగిలింది. అడవిలో చెదురుమదురుగా బతికేవాళ్లు నెమ్మదిగా ముందుకు జరిగారు.

ఇక్కడ ఒక వివాదం ఉంది. ఇది నిజంగా జనం నడిచి వెళ్లిన వలసా? లేక అక్కడున్నవాళ్లే స్లావుల భాష, బతుకుతీరు పట్టుకున్నారా? 2001లో ఫ్లోరిన్ కుర్తా అనే చరిత్రకారుడు పెద్ద పుస్తకమే రాశాడు. స్లావులు అనే గుర్తింపు డాన్యూబ్ నది సరిహద్దులో, బైజాంటియం కోటల నీడలో రూపుదిద్దుకుందని ఆయన వాదన. బురదనేలల నుంచి వరదలా వచ్చిపడ్డారన్న పాత కథను ఆయన ఒప్పుకోడు. ఆ వాదన చాలాకాలం చర్చను వేడెక్కించింది.

తేల్చడం ఎందుకు కష్టమైందో తెలుసా? స్లావులు శవాలను కాల్చేశారు. బూడిదలో డీఎన్‌ఏ దొరకదు. అందుకని శాస్త్రవేత్తలు తర్వాతి తరాల సమాధుల కోసం వెతకాల్సి వచ్చింది. పూడ్చడం మొదలుపెట్టాక దొరికిన ఎముకలను పరీక్షించారు. 2025లో నేచర్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. 555 మంది ప్రాచీనుల జన్యువులు చూశారు. తూర్పు జర్మనీ, పోలండ్, క్రొయేషియా ప్రాంతాల్లో 6వ శతాబ్దం నుంచి 8వ శతాబ్దం మధ్య స్థానిక జన్యువారసత్వంలో 80 శాతానికి పైగా మారిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ల మూలాలు ఉక్రెయిన్, బెలారూస్ వైపు చూపిస్తున్నాయి. మగ సైన్యం మాత్రమే రాలేదు. ఆడవాళ్లు, పిల్లలు, కుటుంబాలకు కుటుంబాలు తరలివచ్చాయి.

అంటే జనం నిజంగానే నడిచారు. అయితే అన్నిచోట్లా ఒకేలా స్థిరపడలేదు. తూర్పు జర్మనీలో తండ్రి వైపు బంధుత్వంతో అల్లుకున్న పెద్ద పెద్ద కుటుంబాలు కనపడ్డాయి. అంతకుముందు అక్కడున్న పద్ధతి వేరు. క్రొయేషియా వైపు పాత సామాజిక పద్ధతి అంతగా చెదరలేదు. ఇంకా దక్షిణానికి, బాల్కన్ ప్రాంతానికి వస్తే ఇప్పటి జనంలో ఆ కొత్తవాళ్ల వాటా 30 నుంచి 60 శాతం అని 2023లో వచ్చిన మరో అధ్యయనం తేల్చింది. మిగతా వాటా అక్కడి పాత జనానిది. చూశారా, చోటు మారితే కలయికా మారింది.

ఇప్పుడు డాన్యూబ్ దగ్గరికి వెళ్దాం. నదికి ఇవతల బైజాంటియం కోటలు, అవతల స్లావులు. 600 ప్రాంతంలో రాసిన ఒక సైనిక గ్రంథం ఉంది. దాని పేరు స్ట్రాటెజికాన్. మారిస్ చక్రవర్తి పేరు మీద చెలామణి అవుతుంది. శత్రువును ఎలా ఓడించాలో సేనాపతులకు నేర్పే పుస్తకం అది. శత్రువు గురించి నిజం తెలియకపోతే యుద్ధం గెలవలేరు కాబట్టి, అందులో నిందలు తక్కువ, గమనికలు ఎక్కువ. స్లావులు చెరువులో మునిగి, బోలు రెల్లుపుల్ల నోట్లో పెట్టుకుని ఊపిరి పీలుస్తూ గంటల తరబడి దాక్కుంటారని రాశారు. అతిథి వస్తే ప్రాణంగా చూసుకుంటారట. ఊరి నుంచి ఊరికి క్షేమంగా అప్పగిస్తారట. ఎవరి అశ్రద్ధ వల్లయినా అతిథికి హాని జరిగితే, అతన్ని అప్పగించినవాడు వచ్చి ఆ ఇంటివాడి మీద పోరుకు దిగుతాడట.

అందులోనే ఇంకో గమనిక. పట్టుకొచ్చిన బందీలను స్లావులు జీవితాంతం బానిసలుగా ఉంచరు. కొంత గడువు పెడతారు. గడువు తీరాక, సొమ్ము కట్టి ఇంటికి వెళ్లిపోవచ్చు. లేదా స్వేచ్ఛగా అక్కడే, స్నేహితుడిలా ఉండిపోవచ్చు. స్లావులు ఇంత వేగంగా ఎలా పెరిగారన్న ప్రశ్నకు కొంత జవాబు ఇక్కడుందని కొందరు చరిత్రకారులు అంటారు. పన్నుల బాధ పడలేక సామ్రాజ్యం నుంచి వచ్చిన రైతుకు ఈ బతుకు మరీ అంత చేదుగా అనిపించకపోయి ఉండవచ్చు.

602లో మారిస్ చక్రవర్తి తన సైన్యానికి ఒక ఆజ్ఞ ఇచ్చాడు. డాన్యూబ్ అవతల, స్లావుల నేల మీదే చలికాలం గడపండి అన్నాడు. చెట్లు ఆకులు రాల్చే కాలంలో దాక్కునేవాళ్లను పట్టుకోవడం తేలిక. వ్యూహం మంచిదే. సైనికులు మాత్రం ససేమిరా అన్నారు. తిరగబడ్డారు. ఫోకస్ అనే చిన్న అధికారిని నాయకుడిగా ఎన్నుకుని రాజధాని మీదికి నడిచారు. మారిస్‌నూ అతని కొడుకులనూ చంపేశారు. ఆ తర్వాత సామ్రాజ్యం పర్షియాతో యుద్ధంలో మునిగిపోయింది. డాన్యూబ్ తలుపు తెరుచుకుంది.

626లో స్లావులు రాజధాని కాన్‌స్టాంటినోపుల్ ముట్టడికే వచ్చారు. అప్పటికి స్లావుల్లో చాలామంది అవార్లు అనే గుర్రపు రౌతుల పెత్తనం కింద ఉన్నారు. నేల మీద అవార్లు, నీళ్ల మీద స్లావులు. ఒంటి దుంగను తొలిచి చేసిన దోనెల్లో వచ్చారు. బైజాంటియం నౌకలు వాటిని ముంచేశాయి. తేలిన శవాల్లో స్లావ్ స్త్రీలవి కూడా ఉన్నాయని తర్వాత నికెఫొరోస్ అనే మతాధిపతి రాశాడు. ఇందాక డీఎన్‌ఏ చెప్పిన మాట గుర్తుంది కదా. కుటుంబాలు కలిసి కదిలాయి.

అవార్ల పెత్తనాన్ని ఎదిరించినవాళ్లలో ఒక విచిత్రమైన మనిషి ఉన్నాడు. పేరు సామో. అసలు స్లావే కాదు, ఫ్రాంక్ జాతి వర్తకుడు. 623 ప్రాంతంలో వ్యాపారానికి వచ్చాడు. స్లావులు అవార్ల మీద తిరగబడితే వాళ్లతో కలిసి పోరాడాడు. వాళ్లు అతన్నే రాజును చేసుకున్నారు. ఫ్రెడెగార్ చరిత్ర ప్రకారం 12 మంది స్లావ్ భార్యలు, 22 మంది కొడుకులు, 15 మంది కూతుళ్లు. ఫ్రాంకుల రాజు డాగోబెర్ పంపిన దూత ఒకసారి నోరు పారేసుకున్నాడు. క్రైస్తవులం మేం కుక్కలతో స్నేహం చేయం అన్నాడు. కుక్కలమే అయితే కరవడం కూడా మాకు వచ్చు అని సామో జవాబు. 631లో వోగాస్టిస్‌బుర్గ్ దగ్గర డాగోబెర్ సైన్యం చిత్తుగా ఓడింది. సామో పోయాక ఆ రాజ్యం నిలవలేదు. పిల్లలు అంతమంది ఉన్నా!

సరే, ఆగిన చోట్లకు వద్దాం. ఇక్కడే తేడాలు మొదలవుతాయి.

గ్రీసులో దక్షిణ కొసన పెలొపొనీసస్ దాకా స్లావులు వెళ్లారు. అక్కడ బైజాంటియం మళ్లీ పట్టు బిగించింది. గ్రీకు చర్చి, గ్రీకు పాలన. కొండల్లోని ఒకటి రెండు తెగలు కొన్ని వందల ఏళ్లు నిలదొక్కుకున్నాయి గాని, చివరికి అందరూ గ్రీకులైపోయారు. ఇవాళ అక్కడ స్లావ్ పేర్లు ఊళ్లకు మిగిలాయి.

దానికి ఉత్తరాన, బల్గేరియాలో జరిగింది దీనికి తలకిందులు. 680 ప్రాంతంలో అస్పరుఖ్ నాయకత్వంలో బల్గారులు డాన్యూబ్ దాటి వచ్చారు. వీళ్లు తుర్కిక్ భాష మాట్లాడే రౌతులు. పాలకులు వీళ్లు, జనంలో ఎక్కువమంది స్లావులు. రెండు వందల ఏళ్లలో పాలకుల భాష కరిగిపోయింది. దేశానికి పాలకుల పేరు, నోటికి రైతుల భాష మిగిలాయి. గ్రీసులో స్లావులు కలిసిపోయారు, బల్గేరియాలో పాలకులే స్లావుల్లో కలిసిపోయారు. ఒకే శతాబ్దంలో పక్కపక్కన మొదలైన రెండు కథలివి.

895 ప్రాంతంలో హంగేరియన్లు కార్పాథియన్ కొండలు దాటి మైదానంలో దిగారు. వాళ్ల భాషకు స్లావ్ భాషలతో చుట్టరికం లేదు. ఉత్తరపు స్లావులకూ దక్షిణపు స్లావులకూ మధ్య అడ్డుగోడ పడినట్టయింది. చెక్, స్లొవాక్ వాళ్లు ఒక పక్క, సెర్బులు, క్రొయేషియన్లు ఇంకో పక్క. రాకపోకలు తగ్గాయి. యాసలు భాషలయ్యాయి.

అంతకుముందే ఇంకో పెద్ద చీలిక మొదలైంది. దాన్ని గుర్తుపట్టడానికి మీకొక సులువైన ఉపాయం ఉంది. లిపి చూడండి. అవును, లిపి చూడండి. ఏ స్లావ్ దేశపు బోర్డు కనపడినా అక్షరాలు ఏవో గమనించండి. రోమన్ అక్షరాలైతే ఆ జనానికి మతం సాధారణంగా రోమ్ వైపు నుంచి వచ్చింది. సిరిలిక్ అక్షరాలైతే కాన్‌స్టాంటినోపుల్ వైపు నుంచి వచ్చింది.

తమిళనాడులో మధురై, కోవిల్‌పట్టి వైపు కొన్ని వందల ఏళ్ల కిందట వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి కదా. ఇంట్లో తెలుగే. కానీ చాలామందికి తెలుగు అక్షరాలు రావు. శుభలేఖ తమిళంలోనే అచ్చు వేయిస్తారు. అమ్మ భాష ఇస్తుంది, బడి లిపి ఇస్తుంది. స్లావులకు ఆ రోజుల్లో బడి అంటే చర్చే.

ఈ లిపి కథ 863 ప్రాంతంలో మొదలైంది. మొరావియాను ఏలే రాస్తిస్లావ్ కాన్‌స్టాంటినోపుల్‌కు కబురు పంపాడు. మా జనానికి అర్థమయ్యే భాషలో మతం బోధించేవాళ్లను పంపమని అడిగాడు. జర్మన్ మతగురువుల పెత్తనం అతనికి గిట్టలేదు. థెస్సలోనికిలో పుట్టిన అన్నదమ్ములు సిరిల్, మెథోడియస్ వెళ్లారు. ఆ నగరం చుట్టూ స్లావుల ఊళ్లే. అందుకే ఆ భాష వాళ్లకు చిన్ననాటి నుంచి తెలుసు. దాని కోసం గ్లాగొలిటిక్ అనే కొత్త లిపి కట్టారు. జర్మన్ బిషప్పులకు ఒళ్లు మండింది. మెథోడియస్‌ను రెండేళ్లకు పైగా బంధించారు కూడా. 885లో ఆయన చనిపోగానే శిష్యులను తరిమేశారు. వాళ్లను అక్కున చేర్చుకున్నది బల్గేరియా రాజు బోరిస్. అక్కడే, గ్రీకు అక్షరాల నమూనాలో సిరిలిక్ లిపి తయారైంది. అక్కడి నుంచి సెర్బియాకు, కీవ్‌కు, మాస్కోకు చేరింది.

మొరావియా కోసం మొదలైన అక్షరాలు మొరావియాలో నిలవలేదు. ఇవాళ ఆ ప్రాంతం చెక్ దేశంలో ఉంది. అక్కడ రోమన్ లిపి రాస్తారు.

966లో పోలండ్ పాలకుడు మియెష్కో రోమ్ పద్ధతిలో బాప్తిస్మం తీసుకున్నాడు. 988లో కీవ్ రాజు వ్లదిమీర్ కాన్‌స్టాంటినోపుల్ పద్ధతిలో తీసుకున్నాడు. మధ్యలో 22 ఏళ్లే తేడా. దాని పర్యవసానం వెయ్యేళ్లు దాటి ఇవాళ్టికీ కనపడుతుంది. 2022లో యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతున్న మన తెలుగు విద్యార్థులు చాలామంది పోలండ్ సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. ఆ గేటుకు ఇవతల సిరిలిక్ బోర్డులు, అవతల రోమన్ బోర్డులు.

వ్లదిమీర్ మతం మారడానికి ముందు 980లో కీవ్ గుట్ట మీద పెరూన్ దేవుడి విగ్రహం పెట్టించాడు. చెక్క విగ్రహం, వెండి తల, బంగారు మీసం. పెరూన్ అంటే ఉరుముల దేవుడు. ప్రొకోపియస్ చెప్పిన మెరుపుల దేవుడు ఈయనే అయి ఉండాలి. 988లో అదే రాజు ఆ విగ్రహాన్ని గుర్రం తోకకు కట్టి ఈడ్పించాడు. 12 మంది చేత కర్రలతో కొట్టించి నీపర్‌లో పడేయించాడు. కొందరు అది చూసి ఏడ్చారని కీవ్ మఠంలో రాసిన చరిత్ర చెబుతుంది.

ఆ చరిత్ర 12వ శతాబ్దం మొదట్లో రాసింది. సన్యాసి నెస్టర్ పేరు మీద ప్రసిద్ధం. పక్కపక్క తెగల మధ్య ఆచారాల తేడాలు అందులో భలే ఉంటాయి. కీవ్ చుట్టుపక్కల పొల్యానే తెగవాళ్లు సౌమ్యులట. కోడళ్లు అత్తమామల దగ్గర ఎంతో మర్యాదగా ఉంటారట. పెళ్లికొడుకు వెళ్లి తెచ్చుకోడట, పిల్లను సాయంత్రం వాళ్లే తీసుకొచ్చి అప్పగిస్తారట. అడవిలో ఉండే ద్రెవ్ల్యానే తెగ మాత్రం పశువుల్లా బతుకుతారట, నీటి దగ్గర అమ్మాయిలను ఎత్తుకుపోతారట. మరికొన్ని తెగలవాళ్లు ఊళ్ల మధ్య ఆటపాటల సంబరాలు జరుపుకుని, అక్కడే ముందే మాట్లాడుకున్న పిల్లను తీసుకెళ్తారట. రాసినాయన ఏ ఊరివాడో మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. కీవ్ ఆయనే. సొంత ఊరి కోడలు మర్యాదస్తురాలు, పక్క అడవివాడు మృగం. ఆ పక్షపాతం తీసేసినా ఒక సంగతి మిగులుతుంది. ఒకే భాష మాట్లాడే జనంలో కూడా పెళ్లి పద్ధతి నది నదికీ మారింది.

ఆల్ప్స్ కొండల్లో ఆగినవాళ్ల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఇప్పటి ఆస్ట్రియా దక్షిణ భాగం కారింథియాలో స్లొవీన్ల పూర్వీకులు స్థిరపడ్డారు. వాళ్ల దగ్గర ఒక రాయి ఉంది. పాత రోమన్ స్తంభం అడుగు భాగాన్ని బోర్లించి పాతారు. దాని పేరు రాజుగారి రాయి. కొత్త పాలకుడు వచ్చినప్పుడు ఆ రాయి మీద కూర్చునేది పాలకుడు కాదు, ఒక రైతు. పాలకుడు రైతు బట్టలు కట్టుకుని నడిచి వస్తాడు. ఎవరతను, న్యాయంగా తీర్పు చెప్తాడా అని రైతు స్లొవీన్ భాషలో అడుగుతాడు. చుట్టూ ఉన్నవాళ్లు చెప్తాడని హామీ ఇస్తారు. అప్పుడు రైతు పాలకుడి చెంప మీద మెల్లగా ఒక దెబ్బ వేసి, లేచి చోటిస్తాడు. పాలకులు జర్మన్లయ్యాక కూడా ఈ తంతు ఆగలేదు. చివరిసారి 1414లో హాబ్స్‌బర్గ్ వంశపు ఎర్నెస్ట్‌కు జరిగింది. ఆ రాయి ఇప్పుడు క్లాగెన్‌ఫుర్ట్ పట్టణంలో, ఆస్ట్రియాలో ఉంది. దాని బొమ్మ మాత్రం స్లొవీనియా 2 సెంట్ల నాణెం మీద ఉంటుంది. ఆ నాణెం విషయంలో ఆస్ట్రియాలో కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోరా మరి!

ఇక బాల్కన్ ప్రాంతానికి వస్తే సెర్బులు, క్రొయేషియన్లు, బోస్నియా ముస్లింలు. ముగ్గురూ ఒకరి మాట ఒకరికి ఇట్టే అర్థమయ్యేలా మాట్లాడతారు. సెర్బులకు ఆర్థొడాక్స్ చర్చి, క్రొయేషియన్లకు రోమ్ చర్చి, 1463లో ఆటోమన్ తుర్కులు బోస్నియాను గెలిచాక అక్కడ చాలామందికి ఇస్లాం. సెర్బు ఇంట్లో స్లావా అనే పండుగ చేస్తారు. ప్రతి కుటుంబానికీ ఒక రక్షక పునీతుడు ఉంటాడు. ఆ రోజున ఉడికించిన గోధుమలు, అలంకరించిన రొట్టె, కొవ్వొత్తి, వైన్ పెడతారు. తండ్రి నుంచి కొడుక్కి ఆ పండుగ వస్తుంది. పెళ్లయి వచ్చిన కోడలు అత్తవారి పండుగనే చేస్తుంది. పాత ఇంటిదేవుడే పునీతుడి పేరు పెట్టుకున్నాడని చాలామంది పండితుల అభిప్రాయం. 2014లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. పక్క వీధిలోని క్రొయేషియన్ ఇంట్లో సాధారణంగా ఈ పండుగ కనపడదు.

ఇందాక చెప్పిన లిపి ఉపాయానికి మినహాయింపులూ ఉన్నాయి. వాటిని దాచిపెడితే బాగుండదు. క్రొయేషియన్లు రోమ్ చర్చిలో ఉంటూనే వందల ఏళ్లు గ్లాగొలిటిక్ లిపి వదల్లేదు. క్ర్క్ ద్వీపంలో 1100 ప్రాంతం నాటి శిలాశాసనం ఆ లిపిలోనే ఉంది. 1483లో ప్రార్థన పుస్తకం అచ్చు వేసింది కూడా ఆ అక్షరాలతోనే. సెర్బియాలో ఇవాళ రెండు లిపులూ నడుస్తాయి. పశ్చిమ ఉక్రెయిన్‌లో సిరిలిక్ రాస్తూ పోప్‌ను గౌరవించే గ్రీక్ కాథలిక్కులున్నారు. క్రిస్మస్ తేదీ కూడా అంతే. రష్యా, సెర్బియా చర్చిల్లో జనవరి 7. అదే ఆర్థొడాక్స్ చర్చి అయినా బల్గేరియాలో డిసెంబరు 25. ఉక్రెయిన్ 2023లో చట్టం చేసి డిసెంబరు 25కు మారింది. ఆ మార్పుకు కారణం మతం కన్నా యుద్ధం.

చివరగా పడమట మిగిలిన ఒక చిన్న జనం గురించి చెప్పాలి. ఒకప్పుడు ఎల్బే నది దాకా, కొన్నిచోట్ల దాన్ని దాటి కూడా స్లావులుండేవారు. జర్మన్ల విస్తరణలో చాలామంది కలిసిపోయారు. ఆ నది తీరాన మాట్లాడిన పొలాబియన్ భాష 18వ శతాబ్దంలో అంతరించింది. బెర్లిన్, లీప్‌జిగ్, డ్రెస్డెన్ పేర్లు స్లావులు పెట్టినవే. ఇప్పుడు తూర్పు జర్మనీలో మిగిలినవాళ్లు సోర్బులు. దాదాపు 60 వేల మంది. బౌట్సెన్, కోట్‌బుస్ పట్టణాల చుట్టూ ఉంటారు. వీధి పేర్లు జర్మన్, సోర్బియన్ రెండిట్లో రాసి ఉంటాయి.

వీళ్లలో కాథలిక్ గ్రామాలున్నాయి, లూథరన్ గ్రామాలున్నాయి. ఈస్టర్ నాడు కాథలిక్ ఊళ్ల మగవాళ్లు నల్లకోట్లు, పొడుగు టోపీలు పెట్టుకుని గుర్రాలెక్కుతారు. సోర్బియన్ భాషలో పాటలు పాడుకుంటూ పక్క ఊరి చర్చికి ఊరేగింపుగా వెళ్తారు. ఆ పక్క ఊరివాళ్లు వీళ్ల ఊరికి వస్తారు. పిల్లలు మైనంతో ముగ్గులు పెట్టి గుడ్లకు రంగులద్దుతారు. ఇంత చిన్న జనానికి కూడా ఎగువ సోర్బియన్, దిగువ సోర్బియన్ అని రెండు రాత భాషలున్నాయి. ఎగువ సోర్బియన్‌ను కాథలిక్కులు ఒక వర్ణక్రమంలో, ప్రొటెస్టెంట్లు ఇంకో వర్ణక్రమంలో చాలాకాలం విడివిడిగా రాసుకున్నారు.